తక్కువ ధరకే కార్బన్ సైకిల్.. డబ్బు మిగులుతుంది సరే, బోల్టుల సంగతేంటి?

కార్బన్ ఫ్రేమ్ రోడ్ బైక్ అంటే మోజు. పెద్ద బ్రాండ్ల రేటు చూస్తే మాత్రం గుండె గుభేల్! అందుకే చైనా ఫ్యాక్టరీల నుంచి నేరుగా ఫ్రేమ్ తెప్పించుకుని, పార్టులు విడిగా కొని సొంతంగా బిగించుకునేవాళ్లు ఉన్నారు. పేరున్న కంపెనీల ఫ్రేములు కూడా చాలావరకు చైనా, తైవాన్‌లోనే తయారవుతాయి. మరి తేడా ఎక్కడ?

లోపలి పొరల్లో. ఒకే అచ్చులో తీసిన ఫ్రేమ్‌ను నాలుగైదు పేర్లతో అమ్ముతుంటారు. పైకి అన్నీ ఒకటే. లోపల కార్బన్ పొరలు ఎలా పేర్చారో కంటికి కనిపించదు. స్టీల్ అయితే ముందు వంగుతుంది, హెచ్చరిస్తుంది. కార్బన్ అలా కాదు.. ఒక్కసారిగా విరిగిపోవచ్చు.

అసలు రిస్క్ బిగింపులో ఉంది. సీట్‌పోస్ట్, స్టెమ్ బోల్టులు చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగాలి. పార్టు మీద రాసిన అంకె దాటితే కార్బన్ నలుగుతుంది. చేతి అంచనా పనికిరాదు, టార్క్ రెంచ్ కొనాల్సిందే. జారకుండా కార్బన్ పేస్ట్ రాయాలి. ఫోర్క్ స్టీరర్‌లో స్టార్ నట్ కొట్టకూడదు, ఎక్స్‌పాండర్ ప్లగ్ వాడాలి.

ఇక బరువు పిచ్చి! పోటీ సైకిల్ కూడా 6.8 కిలోల కన్నా తేలిగ్గా ఉండొద్దన్నది యూసీఐ రూల్. మరి ఆదివారం రైడ్‌కి వంద గ్రాముల కోసం ఊరూపేరూ లేని హ్యాండిల్‌బార్ ఎందుకు? ఆదా చేయాలంటే గేర్ల దగ్గర చేయొచ్చు. ఫోర్క్, హ్యాండిల్‌బార్ దగ్గర వద్దు. ఐఎస్ఓ 4210 టెస్ట్ రిపోర్ట్ అడిగాకే ఆర్డర్ పెట్టాలి. కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోవాలి. వారంటీ ఉన్నా, పగిలిన ఫ్రేమ్ తిరిగి పంపే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి.