తరగతిగదిలోని ఓటుపెట్టె

బడులు తెరచిన కొలది దినములకే బాలబాలికలచే ఓట్లు వేయించి తరగతి నాయకుని ఎన్నుకొను ఆచారము మన తెలుగునాట పలు పాఠశాలలలో కానవచ్చుచున్నది. నామపత్రములు, గుర్తులు, ప్రచారము, వ్రేలిపై సిరాచుక్క, ఓట్ల లెక్కింపు, అన్నియు యథావిధిగా జరుగుచున్నవి. కొన్నిచోట్ల సెల్‌ఫోనునే ఓటింగు యంత్రముగా వాడుచున్నారు. ఇందుకు మేము సంతసించుచున్నాము. అయితే మరునాటినుండి జరుగుచున్నదేమో కొంత విచారింపవలసియున్నది.

మరునాడు ఆ నాయకుడు చేయు పని యేమి? ఉపాధ్యాయుడు గదిలో లేని సమయమున మాటలాడిన పిల్లల పేర్లు నల్లబల్లపై వ్రాయుట, సుద్దముక్కలు తెచ్చుట, హాజరుపట్టీ మోయుట. పిల్లలు ఎన్నుకొన్నది తమ ప్రతినిధిని. వారికి దక్కినది తమపై కాపుండు తలారి. త్రాగునీటి కుళాయి చెడినదనియో, బాలికల మరుగుదొడ్డికి గొళ్లెము లేదనియో ప్రధానోపాధ్యాయునితో చెప్పుటకు వానికి అధికారము లేదు, చెప్పెనా, పొగరుబోతనిపించుకొనును. ఓటనగా ఒకపూట వేడుకయనియు, అధికారము ఎప్పటివలె బల్లకు ఆవలివైపుననే యుండుననియు పిల్లలు దీనివలన గ్రహింతురు. ఈ పాఠము బాగుగా వచ్చిన పెద్దలు ఇప్పటికే మనలో కొల్లలుగా నున్నారు. పిల్లలకు వేరుగా నేర్పనక్కరలేదు.

వేరొక విధమున జరుపవచ్చునని చూపినవారును మన దేశముననే కలరు. రాజస్థానమున తిలోనియా గ్రామమందు 1972లో వెలసిన సంస్థవారు, పగలు పసులు కాచుకొను పిల్లలకై రాత్రిబడులు నడిపిరి. ఆ పిల్లలు ఓట్లు వేసి తమ పార్లమెంటును ఎన్నుకొనిరి. సంస్థాపకుడగు బంకర్ రాయ్ 2011లో ఒక ప్రసంగమున తెలిపిన ప్రకారము, అందలి ప్రధానమంత్రి 12 ఏండ్ల బాలిక. ఉదయము 20 మేకలను కాచును, సాయంకాలము ప్రభుత్వము నడపును. విద్యకు, ఆరోగ్యమునకు, విద్యుత్తునకు మంత్రులుండిరి. 150 బడులపై, 7,000 మంది పిల్లల చదువుపై ఆ బాలమంత్రివర్గమునకు పర్యవేక్షణాధికారము కలదట. మన నాయకుని చేతిలో సుద్దముక్క, ఆ బాలిక చేతిలో బడి!

ఇంకొక లోపము కలదు. పెక్కు తరగతులలో ఉపాధ్యాయుని యెదుట చేతులెత్తించి ఓట్లు లెక్కింతురు. ఫలానా రెడ్డిగారి అబ్బాయి, ఫలానా షావుకారుగారి అమ్మాయి పోటీలో నున్నప్పుడు వారి పొలమున కూలిచేయువాని కుమారుడు ఏ చేయి ఎత్తగలడు? మా పాఠకులలో అట్టి యిండ్లవారు పలువురు కలరు గావున ఈ మాట సూటిగనే వ్రాయుచున్నాము. 1935 నాటి చట్టము క్రింద ఆస్తి, పన్ను, చదువు గలవారికే ఓటుండెను. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికలలో 17 కోట్లకు పైబడిన జనులకు ఓటు వచ్చెను. అప్పుడు సైతము తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యననియో తల్లిననియో చెప్పిన సుమారు 28 లక్షల మంది స్త్రీలు ఓటర్ల పట్టికకు దూరమైరి. తన పేరు తాను చెప్పుకొనుట, తన ఓటు తాను రహస్యముగా వేయుట చిన్ననాడే అలవడవలెను. ఒక అట్టపెట్టె, చాటునకు ఒక దుప్పటి చాలును, ఖర్చేమియు లేదు.

ప్రభుత్వములను గూర్చి కూడ ఒక మాట. 21 ఏండ్ల ఓటు వయస్సును 18కి తగ్గించు రాజ్యాంగ సవరణను పార్లమెంటు 1988 డిసెంబరులో ఆమోదించెను. ఆ 1988లోనే ఆంధ్రప్రదేశమున విద్యార్థిసంఘముల ఎన్నికలు నిషేధింపబడెను. కొట్లాటలు జరిగినవన్నది కారణము. కొట్లాటలు నిజమే, పెద్దల ఎన్నికలలోను జరిగినవి, వానిని ఎవరును రద్దు చేయలేదు.

పాఠశాలల నిర్వాహక సంఘములలో నున్న మా పాఠకులు రాబోవు సమావేశమున ప్రధానోపాధ్యాయుని ఒక్క ప్రశ్న అడుగుదురుగాక: నిరుడు ఎన్నికైన పిల్లలు మిమ్ము ఏమి కోరిరి? దానికి మీరేమి చేసితిరి?