పొలముగట్టు – పసులత్రోవ



పొలము దున్ను అన్న గొఱ్ఱెలు కాచు తమ్ముని చంపెనను బైబిలు కథను నేను బాల్యమున మిషను పాఠశాలలో చదివితిని. అది మిక్కిలి పురాతనమైన మాటయని అప్పుడు తలచితిని. నైజీరియా దేశపు వార్తలను చదువుచున్నకొలది అది నేటి మాటయేయని తోచుచున్నది.

ఆఫ్రికాఖండపు పడమటి భాగముననున్న ఆ దేశములో బెన్యూ యను నది కలదు. ఆ నది పేరనే యొక రాష్ట్రమును కలదు. అచ్చటి టివ్ జాతివారు పెండలము, జొన్న, వరి పండించువారు. ఎండకాలమున ఉత్తరపు మెట్టసీమలనుండి ఫులానీ కాపరులు ఆవులమందలను తోలుకొని దక్షిణమునకు వత్తురు. 2018 జనవరి 1వ తేదీని గూమా, లోగో ప్రాంతముల పల్లెలపై సాయుధులు వచ్చిపడిరి. 11వ తేదీని మకుర్దీ నగరమున 73 శవములను ఒక్కమారుగా పూడ్చిరి. ఆ నెలాఖరుననే గ్బోకో పట్టణమున ఫులానీ జాతివారిని ఏడుగురిని గుంపుగూడి చంపి తగులబెట్టిరి. 2025 జూన్ 13వ తేదీ రాత్రి యెల్వాటా గ్రామమున నూరుమందికి తక్కువగాక హతులైరి. వారిలో పెక్కండ్రు అంతకుముందే తమ ఊళ్లు విడిచి పారిపోయివచ్చి అచ్చట తలదాచుకొన్నవారు.

దీనిని మతకలహమని చెప్పువారు కలరు. బెన్యూలో సేద్యగాండ్రు క్రైస్తవులును, కాపరులు మహమ్మదీయులును అగుటచే ఈ మాట నమ్మదగినట్లే యుండును. కాని వాయవ్యముననున్న జాంఫారా, కట్సీనా రాష్ట్రములలో దున్ను హౌసాలును మేపు ఫులానీలును ఉభయులును మహమ్మదీయులే. అచ్చటను రక్తము పారుచునే యున్నది. మతము మంటను పెంచవచ్చును గాని, నిప్పు పుట్టినది పొలముగట్టుననే.

పూర్వము వీరిరువురకును ఒడంబడిక యుండెడిది. కోతలైన పిమ్మట కాపరి మందను పొలములోనికి తోలెడివాడు. పశువులు చొప్పను, మోళ్లను మేసి, పేడను విడిచిపోయెడివి. కాపరికి ధాన్యమును, రైతునకు పాలును ఎరువును దొరకెడివి. మన మెట్టసీమలలో గొల్లలచేతను కురుమలచేతను చేనిలో మంద కట్టించి ధాన్యమో రొక్కమో ఇచ్చు ఆచారము ఇట్టిదే.

ఆ ఒడంబడిక చెడుటకు కారణములు పెక్కులు. 1960లో ఆ దేశమున జనులు సుమారు నాలుగున్నర కోట్లు. నేడు ఇరువది కోట్లకు మించిరి. ఏటియొడ్డున ‘ఫడమా’ యని పిలువబడు పల్లపు నేలలలో ఎండకాలమున పశువులు మేయుచుండెడివి. ఇంజనులతో నీరు తోడుట వచ్చినపిమ్మట అవి కూరగాయల తోటలైనవి. ‘బుర్తలి’ యను పసులత్రోవలు నాగటి చాళ్లలో కలిసిపోయినవి. దక్షిణమున అడవులు నరకబడుటచేతను, మందులు వచ్చుటచేతను, పశువులను చంపు ట్సెట్సీ ఈగ రోగము తగ్గి, మందలు మునుపు పోని చోట్లకు పోజొచ్చినవి. త్రోవలేని మంద చేలో పడును. పైరు పోయిన రైతు కఱ్ఱ పట్టును. నేడు ఆ దేశమున కఱ్ఱకు మారు తుపాకి సులభముగా దొరకుచున్నది.

బెన్యూ ప్రభుత్వమువారు 2017లో పశువులను బయట తిప్పి మేపరాదని చట్టము చేసిరి. పైరును కాపాడవలెనను కోరిక న్యాయమే. కాని మందను ఒకచోట నిలుపుమని చెప్పినప్పుడు నేల యెక్కడిది, నీరెక్కడిది, గడ్డి యెవరు పెంతురు అను ప్రశ్నలకు జవాబు ముందే యుండవలసినది. అది లేదు. 1965లో ఉత్తరప్రాంతమున మేతబీళ్లకై వేఱొక చట్టము చేయబడెను గాని, బీళ్లు పెక్కు హద్దురాళ్లు లేకయే పొలములైనవి. 2024లో పశుపోషణకు ప్రత్యేక మంత్రిత్వశాఖ యేర్పడినది. శాఖ యేర్పడినంతనే గడ్డి మొలవదు.

వీటన్నిటికంటె పెద్దలోపము న్యాయవిచారణలో నున్నది. చంపినవాడు పట్టుబడి శిక్షింపబడుట అచ్చట అరుదు. హంతకుడు దొరకనప్పుడు అతని జాతివాడెవడైన చాలునని పగ పట్టినవారు తలంతురు. గ్బోకోలో జరిగినది అదియే. శిక్ష మనిషికి పడవలెను గాని జాతికి పడరాదు.

ఇంతదూరపు సంగతి మనకేలయని మీరడుగవచ్చును. మనదేశమున 1871లో పశువులు పైరున పడుటనుగూర్చి చట్టమొకటి చేయబడెను. దానిచే మనకు బందెలదొడ్డి పరిచితమైనది. పశువు దొడ్డికి పోవును, యజమాని తప్పు చెల్లించును, మనుష్యులు బ్రదికియుందురు. ఇది సామాన్యమైన యేర్పాటు కాదు. అయినను నేడు పెక్కు గ్రామములలో ఆ దొడ్డిగోడలు కూలియున్నవి, డొంకలు సన్నగిలినవి. ఈ తప్పులో నాకును పాలు కలదు. ఉద్యోగమున ప్రవేశించిన క్రొత్తలో జానెడు నేలయైన బీడు విడువకుడని ఊరూర చెప్పితిని. డొంక ప్రక్క చాలు పెంచుకొన్న రైతును నలుగురియెదుట మెచ్చుకొంటిని. ఆ చాలు గొల్లవాని త్రోవయని నాకప్పుడు తోచలేదు. బీడనునది మఱియొకని సేద్యమే.

కావున మన సహకార సంఘములు మూడు పనులు పూనుకొనవలెనని నా యభిప్రాయము. దుక్కులకు ముందే గ్రామాధికారిని, కాపరుల పెద్దను కూడ పిలిచి, డొంకలకును నీటిరేవులకును హద్దురాళ్లు వేయించవలెను. పైరు చెడినచో మఱునాడే ఇద్దరు రైతులును ఇద్దరు కాపరులును చేరి నష్టమును వెలకట్టి కాగితముమీద వ్రాయవలెను. మంద కట్టు ఒప్పందములను సంఘపు లెక్కలలో చేర్చి, ఎరువు వెలను కాపరికి సంఘమే ముట్టజెప్పవలెను.

డొంకలో కలుపుకొన్న చాలు మీ చేలో నున్నయెడల ఈ వేసవిలోనే దానిని విడిచిపెట్టుడు. గింజలు కొన్ని తగ్గును. ఆ నష్టము మనము భరింపగలిగినదే.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు