నిరాశయా, తెగింపా?

'డెస్పరేట్' అనే ఇంగ్లీషు విశేషణానికి మన విద్యార్థులు 'నిరాశ చెందిన' అని వ్రాసి ఊరకుంటారు. పరీక్షకు అది చాలును గాబోలు. అర్థం మాత్రం సగమే. ఆశ ఉడిగినవాడు కూలబడవచ్చు, తెగబడనూ వచ్చు. రష్యన్‌లో 'అత్చాయన్నీ' అనే ఒక్క మాటలోనే ఈ రెండూ ఇమిడి ఉన్నవి. కేవలం ఆశలేమికి 'బెజ్‌నద్యోజ్నీ' అని వేరొకటి ఉన్నది. తెలుగున అట్టి జంటమాట లేదు, ఎంచుకొనక తప్పదు. కడపలో కాపురమున్న బ్రౌను 1852 నాటి తన నిఘంటువులో వాడుక మాటలకూ చోటిచ్చినాడు. ఆ వాడుకలోనే వెదకవలె. 1876–78 నాటి ధాతు కరువులో కర్నూలు, కడప మండలాల రైతును ఇంగ్లీషున 'డెస్పరేట్' అన్నారనుకొందము. బీడు గట్టున చతికిలబడినవాడయితే 'హతాశుడు' సరిపోవును. ఆలుబిడ్డలతో ఊరు విడిచి నడిచినవాడయితే 'తెగించినవాడు' అనవలె.