గోల్స్ తర్వాత రాద్దాం, ముందు నోటు మీద ఎంతున్నదో చెప్పు



మొన్న రాత్రి హన్మకొండల చదువుకుంటున్న మా కొడుకు ఫోన్ చేసి "బాపూ, 2026కు నీ గోల్స్ ఏంది?" అని అడిగిండు. వాళ్ల దోస్తులంత రాసుకుంటున్నరట. ఒకడు బుల్లెట్ బండి, ఒకడు జిమ్ము, ఒకడు యూట్యూబ్ల లక్ష మంది. నేను నవ్విన. ఫోన్ పెట్టేసినంక నవ్వు రాలే. ఎందుకంటే నేను కూడా ప్రతి ఏడు మనసుల రాసుకుంటనే ఉన్న. ఇంకో బోరు, బర్ల కొట్టానికి రేకులు, పాత ఇంటి మీద స్లాబు. ఆ లిస్టుల ఏ ఏడు కూడా "అడ్తి సేటు నోటు తెంపాలె" అని లేదు. అప్పు అనేది ఎండాకాలం, వానకాలం లెక్క ఎప్పుడూ ఉండేదే అనుకున్న.

ఈ పోస్టు చదివి కొందరికి కోపం వస్తది. రానీయండి.

మన దగ్గర ఒక మాట నడుస్తది. "రైతు అన్నంక అప్పు ఉండదా? ఒక్క పంట మంచిగ వస్తే అదే తీరుతది." ముప్పై ఏండ్ల నుంచి ఇదే మాట నేను అన్న, మీరు అన్నరు, మన తండ్రులు అన్నరు. సరే, మంచి పంట, మంచి ధర వచ్చిన ఏడు సంగతి మాట్లాడుకుందాం. 2022 మొదట్ల ఎనుమాముల మార్కెట్ల పత్తి క్వింటాలు పది వేలు దాటింది. గుర్తున్నదా? మన బతుకుల అంత ధర చూడలే. ఆ ఏడు మన ఊర్ల ఎంతమంది నోటు తెంపిండ్రు? చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేను తెంపలే. ఆ ఎండాకాలం రెండు బోర్లు వేసిన. ఒకదాంట్ల దుమ్ము లేచింది, రెండో దాంట్ల అరించు నీళ్లు వచ్చినయ్, అవి కూడా ఉగాది దాటితే ఆగిపోతయ్. కొందరు బండ్లు కొన్నరు, కొందరు పెద్దగ పెండ్లిళ్లు చేసిండ్రు. తప్పని నేను అంటలేను. కానీ "మంచి ధర వస్తే అప్పు తీరుతది" అనే మాట మాత్రం ఇగ బంద్ చేద్దాం. ధర వచ్చింది. అప్పు తీరలే.

నా లెక్క చెప్త. సిగ్గే అయితది గానీ చెప్త.

2019 మే నెలల పెద్దబిడ్డ పెండ్లికి అడ్తి సేటు దగ్గర లక్ష రూపాయలు తెచ్చిన. రెండు రూపాయల మిత్తి. నోటు రాసి ఇచ్చిన. మీకు తెలుసు, ప్రామిసరీ నోటుకు మూడేండ్లే గడువు, అది దాటకముందే తిరగరాస్తరు. మూడేండ్లకు మిత్తి 72 వేలు అయింది. మధ్యమధ్యల నేను ఇచ్చినవి 22 వేలు. 2022 మేల నోటు తిరగరాస్తే అది 1,50,000 అయింది. పత్తి పది వేలు పలికిన ఏడే ఇది, చూసుకోండి. ఆ 50 వేలు మిత్తి, అసలుల కలిసి, దాని మీద మళ్లీ మిత్తి నడవబట్టింది. ఆ తర్వాత మూడేండ్లు, ఏటా 36 వేల చొప్పున, పత్తి పైసలల్ల పట్టుకుంటనే ఉన్నడు. మొత్తం 1,08,000. మొన్న 2025 మేల మళ్లీ తిరగరాసినం. నోటు మీద ఎంత? అదే 1,50,000.

తెచ్చింది లక్ష. కట్టింది 1,30,000. ఇంకా ఉన్నది లక్షన్నర.

ఇది రాసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలే. సేటును తిట్టాలనిపించలే. ఆయన దొంగలెక్క రాయలే, ప్రతి రూపాయి నాకు చెప్పే రాసిండు. కూడి చూసుకోనిది నేను.

ఇంకోటి ఉన్నది, ఇది నోటు మీద కనపడదు. సేటు దగ్గర పెట్టుబడి తెస్తే పత్తి ఆయనకే తూకం వెయ్యాలె. పోయినేడు 22 క్వింటాళ్లు 6,600 చొప్పున ఇచ్చిన. ఆ ఏడు సీసీఐ మద్దతు ధర 7,521. క్వింటాలుకు 921 తేడా. ఇరవై వేల పైన అయితది. తేమ ఎక్కువున్నదని సీసీఐ కొంత కోసినా, ఎటూ పద్దెనిమిది వేలు నా జేబుల నుంచి పోయినయ్. 36 వేల మిత్తికి ఈ 18 వేలు కలపండి. లక్షన్నర మీద 54 వేలు. అంటే కాగితం మీద రెండు రూపాయలు, అసలు లెక్కల మూడు రూపాయల మిత్తి. మందుల షాపుల ఉద్దెర కూడా ఇదే కథ. నగదుకు ఒక రేటు, ఉద్దెరకు ఒక రేటు, పైన మిత్తి. అంతకన్న పెద్ద నష్టం ఏందంటే ఉద్దెర తెచ్చేటోడు ఆయన ఇచ్చిన డబ్బానే తేవాలె, ఈ మందు ఎందుకు అని అడిగే నోరు ఉండదు.

ఇప్పుడు బ్యాంకు దిక్కు చూడండి. నాకు పంట రుణం 1,20,000 ఉన్నది. మూడు లక్షల వరకు ఏడు శాతం మిత్తి, ఏడాది లోపల కడితే మూడు శాతం వెనక్కి వస్తది. అంటే నాలుగు శాతం. ఏడాదికి 4,800. నెలకు వందకు ముప్పై ఐదు పైసలు కూడా పడదు. ఇంత తక్కువ మిత్తి అప్పును మనం గడువు దాటబెట్టి చెడగొట్టుకుంటం. ఎందుకు? మాఫీ వస్తదని. మూడు రూపాయల అప్పును మాత్రం దాచిపెట్టి పెంచుతం.

మాఫీ గురించి మాట్లాడితే పార్టీ రంగు పూస్తరు, నాకు తెలుసు. ఏ పార్టీ గురించి చెప్తలేను. 2014ల లక్ష మాఫీ అన్నరు, నాలుగు విడతలల్ల ఇచ్చిండ్రు. 2018 ఎన్నికల్ల మళ్లీ లక్ష అన్నరు, చాలామందికి అది 2023 దాకా సాగింది. 2024ల రెండు లక్షలు అన్నరు, వచ్చినోళ్లకు వచ్చినయ్, రానోళ్లు ఇప్పటికీ బ్యాంకు చుట్టూ తిరుగుతనే ఉన్నరు. వచ్చినప్పుడు తీసుకుందాం, అది మన హక్కు. కానీ ఇన్ని మాఫీలల్ల ఒక్కటన్నా సేటు దగ్గరున్న నోటును ముట్టిందా? ముట్టదు. మాఫీ కోసం బ్యాంకు అప్పు ఆపి, గడువు దాటించి, కొత్త లోను రాక మళ్లీ సేటు దగ్గరికే పోయినం. గోడకు సున్నం వేసేటోడు ఇంటికి నిప్పు అంటిచ్చుకున్నట్టు ఉన్నది మన తెలివి.

"అంతా మన తప్పేనా? గిట్టుబాటు ధర లేక కాదా?" అని మీరు అడుగుతరు. న్యాయమైన మాట. గింజలు, ఎరువులు, కూలి, ట్రాక్టర్ కిరాయి అన్నీ పెరిగినయ్. 2025 అక్టోబర్ ఆఖర్ల మొంథా తుపాను వానకు నా మూడెకరాల పత్తి సగం నల్లవడ్డది, అది మన తప్పా? కౌలు చేసేటోళ్లకైతే పాసుబుక్కు ఉండదు, బ్యాంకు లోను రాదు, రైతు భరోసా పట్టాదారుకు పోతది. వాళ్లకు నేను చెప్పే మాటల సగం పనికి రావు, ఆ సంగతి ఒప్పుకుంట. ధర కోసం కొట్లాడుదాం, నేను ముందు నడుస్త. అయితే మనం ధర్నాల కూసున్నప్పుడు మిత్తి కూసోదు గదా. అది రాత్రి నడుస్తది, పండుగ నాడు నడుస్తది, మనం దవాఖానల ఉన్నప్పుడూ నడుస్తది.

ఇది రాయాల్నా వద్దా అని శానా ఆలోచించిన. మా దిక్కు ఒకాయన కొన్నేండ్ల కింద పోయిండు. మంచి మనిషి, నాతోటి నాట్లకు, కోతలకు బదులు పనికి వచ్చేటోడు. దినాలు అయినంక ఒక్కొక్కరు వచ్చి నోట్లు చూపెట్టిండ్రు. పదకొండు మంది. వాళ్ల ఇంటామెకు తెలిసినవి మూడు. మిగిలిన ఎనిమిది ఆయన ఒక్కడే మోసిండు. ఆమె ఏడ్వలే. "నాకు చెప్తే నేనేమన్న అందునా?" అని ఒక్కటే మాట అన్నది. అది నా చెవులల్ల ఇంకా ఉన్నది.

అందుకే డిసెంబర్ల ఒక రాత్రి కొడుకు పాత నోట్‌బుక్కు తీసుకొని మా ఇంటామెను పక్కన కూసోబెట్టుకున్న. నేను చెప్పిన, ఆమె రాసింది. సేటు లక్షన్నర. బ్యాంకు 1,20,000. ఆమె పుస్తెలతాడు, గాజుల మీద బంగారం లోను 70 వేలు. మందుల షాపు 34 వేలు. బామ్మర్ది చేబదులు 40 వేలు. సంఘం లోను 60 వేలు. ఇగ అయిపోయినయ్ అన్న. ఆమె పెన్ను మూత పెట్టలే. జెరసేపు ఆగి "ఇంకో పదిహేను వేలు ఉన్నయ్" అన్నది. పిల్లగాని కాలేజీ ఫీజుకు, నాకు తెల్వకుండ, మూడు రూపాయలకు తెచ్చిందట. నేను కోపం చేసుకుంటనని చెప్పలేదట. నేను దాచినట్టే ఆమె కూడా దాచింది. కూడితే 4,89,000. నేను ఎవరన్న అడిగితే "మూడు లక్షల దాకా ఉంటది" అని చెప్పుకుంట తిరిగినోణ్ని.

మీరు ఈ వారం చేయవలసిన పని అదొక్కటే. ఇంట్ల ఇద్దరు కూసొని రాయండి. ఎవరి దగ్గర, ఎంత, ఏ మిత్తి, ఏ నెల తెచ్చింది. "జనవరి ఏంది, మన కొత్త సంవత్సరం ఉగాది గదా" అనేటోళ్లు ఉన్నరు. ఉగాది నాటికి మన చేతుల ఏముంటది చెప్పండి? పత్తి పైసలు, వడ్ల పైసలు ఉండేది ఇప్పుడే. ఇగ సంక్రాంతి, ఆ ఎనక 2026 జనవరి ఆఖర్ల మేడారం జాతర. అమ్మల దగ్గరికి పోదాం, మొక్కు తీర్చుకుందాం. మేకపోతు కోసం మూడు రూపాయలకు తేవద్దు, అమ్మలు అడగరు. సర్పంచ్ ఎలక్షన్ల నిలబడి ఓడినోళ్లకు నేను ఏం చెప్పను, వాళ్ల లెక్క వాళ్లకే తెలుసు పాపం.

రాసినంక ఎక్కువ మిత్తిది ఏదో దానికి గీత కొట్టండి, చిన్నదైనా పెద్దదైనా. పైసలు ముందు దానికే. బ్యాంకులది మాత్రం గడువు దాటనియ్యకండి. గడువు నాడు ఫైనాన్సోని దగ్గర రెండు రోజులకు తెచ్చి కట్టి ఎత్తుడు మనకు అలవాటు, వెయ్యికి ఇంత అని వాడు గుంజేది కూడా మిత్తేనని మర్చిపోకండి. సేటుకు ఎప్పుడు ఇచ్చినా నోటు ఎనక చెల్లు రాయించుకోండి, తారీఖుతో. వీలైతే ఫోన్‌ల కొట్టండి, లెక్క బ్యాంకుల ఉంటది. తీరిపోయిన నోటు వాపసు తెచ్చుకోండి, "నా దగ్గరుంటే ఏమైతది" అంటే వినకండి. ఖాళీ నోటు మీద సంతకం పెట్టేటోళ్లు ఇంకా ఉన్నరు మనల్ల. మీకు చదువు రాదని కాదు, మొహమాటం. మొహమాటానికి రెండు రూపాయల మిత్తి.

మా ఇంటామె పదిహేను వేలు ముందు తెంపుతున్న, అది మూడు రూపాయలది. నల్లవడ్డ పత్తి ప్రైవేటుకు ఎంతకో అంతకు ఇచ్చిన, మంచిది 12 క్వింటాళ్లు ఇంట్ల ఉన్నది. ఈసారి సీసీఐకే. 2025-26 సీజన్ల 8,110 ఉండె, తేమ పన్నెండు దాటితే తీసుకోరు కాబట్టి వాకిట్ల ఆరబెట్టినం. మొన్న సేటు దగ్గరికి పోయి చెప్పిన: "సేటూ, ఈ ఏడు పత్తి నీకు కాదు, పైసలే ఇస్త." ఆయన మాట్లాడలే. చాయ్ మాత్రం తెప్పిచ్చిండు. వచ్చేడు పెట్టుబడికి రమ్మంటడో లేదో తెల్వదు. రమ్మనకపోతే పత్తి ఎకరం తగ్గించి పెసరు, కంది వేస్త.

ఆయనకు ఇప్పుడు ఇచ్చేది 40 వేలు. దాంట్ల 24 వేలు మే నుంచి పేరుకున్న మిత్తికే పోతయ్, అసలుల తగ్గేది 16 వేలు. రైతు భరోసా పడ్డనాడు అది కూడా ఆడికే. వచ్చే డిసెంబరుకు నోటు 1,20,000 లోపుకు రావాలె. కొడుక్కి ఫోన్ చేసి నా గోల్ ఇదే అని చెప్పిన. "గంతేనా బాపూ?" అన్నడు. గంతే. ఆరేండ్ల నుంచి ఒక్క రూపాయి అసలు తగ్గని నోటు అది.

ఎల్లుండి పొద్దున స్లాట్ ఉన్నది. మా వాడకట్టు నుంచి ఇంకెవరన్న మిల్లుకు పోయేది ఉంటే ఫోన్ చేయండి, ట్రాలీల జాగ ఉన్నది, కిరాయి పంచుకుందాం.