తగలబడింది, తగలబెట్టారు, తగలబెట్టించారు

దినపత్రికలో శీర్షిక పెట్టేది సాధారణంగా వార్త రాసిన మనిషి కాదు. రాజోలు నుంచో, కొత్తపేట నుంచో కంట్రిబ్యూటర్ పంపిన వార్తకు ఎడిషన్ కేంద్రంలో డెస్కు మీదున్న సబ్ఎడిటర్ శీర్షిక పెడతాడు. అతనికి దొరికేది నాలుగైదు మాటల చోటు. ఎదురుగా గడియారం, వెనక యాజమాన్యం. చోటు చాలనప్పుడు కొన్ని మాటలు రాలిపోక తప్పదు. ఏవి రాలాయి, ఏవి నిలిచాయి అన్నదగ్గరే పత్రిక మొగ్గు తెలిసిపోతుంది.

ఇందుకు కోనసీమ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాగా పేరు మారుస్తూ మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి 30 రోజుల గడువిచ్చారు. పేరు మార్పును వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన ప్రదర్శన హింసకు దారితీసింది. పోలీసులు గాయపడ్డారు. రవాణా మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్‌కుమార్ ఇల్లు, బస్సులు కాలిపోయాయి.

ఈ చివరి వాక్యంలోని ‘కాలిపోయాయి’ కూడా ఒక ఎంపికే. ఇల్లు ‘తగలబడింది’ అంటే క్రియ అకర్మకం. నిప్పు దానంతటదే పుట్టినట్టుంటుంది, పేరు చెప్పాల్సిన పనే ఉండదు. ‘తగలబెట్టారు’ అంటే సకర్మకం. చేసినవాళ్లున్నారని ఒప్పుకున్నట్టే గానీ, తెలుగులో కర్తను చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది కాబట్టి ఎవరన్నది దాచుకోవచ్చు. ‘తగలబెట్టించారు’ అన్నామంటే ప్రేరణార్థకం. ఆ ఒక్క ‘ఇంచు’తో గుంపు వెనక్కి పోయి, గుంపును ఉసిగొల్పిన నాయకుడు ముందుకొస్తాడు. ఆనాటి రాజకీయమంతా ఈ మూడో రూపం చుట్టూనే తిరిగింది. అమలాపురం హింస వెనక తెలుగుదేశం, జనసేన ఉన్నాయని అప్పటి అధికార వైసీపీ అంది. ప్రభుత్వమే కావాలని చిచ్చు పెట్టిందని ప్రతిపక్షాలు అన్నాయి. రెండూ ఆరోపణలే. ఆరోపణను ఆరోపణగా చూపించే ‘అంటూ’, ‘అని’ అనే మాటల్ని చోటు లేదని తీసేసిన మరుక్షణం అది తీర్పవుతుంది. శీర్షికలో ఆరోపణ ఉంటే అది ఎవరిదో చెప్పాలనీ, కనీసం ఉటంకింపు గుర్తుల్లోనైనా పెట్టాలనీ భారత ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. చాలా డెస్కులు దీనికి కనిపెట్టిన దొడ్డిదారి ప్రశ్నార్థకం. ‘కుట్రేనా?’ అని అడిగితే నింద వేసినట్టూ ఉంటుంది, వెయ్యనట్టూ ఉంటుంది.

క్రియ తరవాత చూడాల్సింది మనుషుల పేరు. గడియార స్తంభం సెంటర్లో గుమిగూడిన అదే జనాన్ని ‘యువత’ అనొచ్చు, ‘నిరసనకారులు’ అనొచ్చు, ‘అల్లరిమూక’ అనొచ్చు. మొదటి మాటకు జాలి, చివరి మాటకు లాఠీ తోడొస్తాయి. ఆ రోజుల్లో ఇంటర్నెట్ కూడా ఆపేశారు కనుక, చాలా ఇళ్లలో అచ్చులో, టీవీ స్క్రోలింగులో పడ్డ మాటే నిలిచింది.

అన్నిటికన్నా లోతైన మొగ్గు, పైకి ఏ మొగ్గూ లేనట్టు కనిపించే మాటల్లో ఉంటుంది. తెలుగు పత్రికలు కులాన్ని ‘వర్గం’ అంటాయి, ఇంకా మర్యాదగా ‘సామాజిక వర్గం’ అంటాయి. ఉద్రిక్తత పెరగకుండా ఉండడానికి ఈ జాగ్రత్త కొంతవరకు అవసరమే. అయితే 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులను వెంటాడి చంపిన ఘటనలను ‘ఇరువర్గాల ఘర్షణ’ అంటే అది జాగ్రత్త అనిపించుకోదు. చంపినవాణ్ణీ చచ్చినవాణ్ణీ ఒకే తక్కెట్లో పెట్టడం అవుతుంది. అక్కడ ‘మారణకాండ’ అన్నదే నిజమైన మాట. గట్టి మాట వాడిన ప్రతి శీర్షికనూ పక్షపాతం అనేవాళ్లు ఈ తేడా గమనించరు.

పార్టీలతో నిమిత్తం లేని వార్తల్లోనూ ఇదే లెక్క. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలి ఊరు కాలింది. దాన్ని ‘ప్రమాదం’ అంటే అక్కడితో సరి. ‘నిర్లక్ష్యం’ అంటే ఎవరిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కోనసీమ రైతులు 2011లో పంట విరామం ప్రకటించినప్పుడూ అంతే. రైతులు ‘డిమాండ్’ చేస్తారు, ప్రభుత్వం ‘హామీ’ ఇస్తుంది. 1970లలో బ్రిటన్ టీవీ వార్తలను పరిశీలించిన గ్లాస్గో మీడియా బృందం కార్మికుల సమ్మె వార్తల్లో పట్టుకున్నది కూడా ఇలాంటి జంటనే. అడిగేవాడు మొండివాడు, ఇచ్చేవాడు ఉదారుడు.

పత్రిక యజమాని ఎవరో తెలిస్తే ఇదంతా తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. 2008లో మొదలైన సాక్షి జగన్మోహన్‌రెడ్డి కుటుంబానిది. ఈనాడు స్థాపకుడు రామోజీరావు 1982-83లో ఎన్టీఆర్‌కు బాహాటంగా అండగా నిలిచారు. ప్రజాశక్తి సీపీఎంది, విశాలాంధ్ర సీపీఐది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. ‘దుష్టచతుష్టయం’, ‘ఎల్లో మీడియా’, ‘నీలి మీడియా’ అనే తిట్లు అక్కడి నుంచి వచ్చినవే. ఈ తిట్లు చదవకుండా కొట్టిపారేయడానికి పనికొస్తాయి, చదవడానికి పనికిరావు. యాజమాన్యం తెలిసినంత మాత్రాన ఫలానా రోజు ఫలానా శీర్షిక తప్పని తేలదు. జిల్లా పేరునే తీసుకోండి. శీర్షికలో ‘కోనసీమ’ అని మాత్రమే ఉంటే అంబేడ్కర్ పేరు కావాలని తీసేశారని అనిపించవచ్చు. కానీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కూడా శీర్షికల్లో ఉత్త ‘నెల్లూరే’. అదే పత్రిక ఒక జిల్లాకు నాయకుడి పేరు ఉంచి, ఇంకో జిల్లాకు తీసేస్తుంటే, ఏడాది పొడుగునా అలాగే చేస్తుంటే, అప్పుడు అడగొచ్చు.

నిజమైన పరీక్ష ఒకే పత్రికను రెండు ప్రభుత్వాల కాలంలో పక్కపక్కన పెట్టి చూడడం. కరెంటు బిల్లులో సర్దుబాటు చార్జీ ఆ పాలనలోనూ పడింది, ఈ పాలనలోనూ పడింది. ఒకప్పుడు ‘బాదుడు’ అయినది ఇంకొకప్పుడు ‘సర్దుబాటు’ అయిందా? అప్పుడు ముఖ్యమంత్రి పేరు పెట్టి రాసిన తప్పును ఇప్పుడు ‘అధికారుల’ మీదికి నెట్టారా? 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది కాబట్టి పోల్చడానికి రెండు కాలాలూ అందుబాటులోనే ఉన్నాయి. పాఠకులు తాము రోజూ తిట్టుకునే పత్రికను పక్కనపెట్టి, తమకు నచ్చిన పత్రికతోనే ఈ పరీక్ష మొదలుపెట్టాలి.