మచ్చను ఎవరు కొలవాలి?

పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్లలో గుసగుసగా వినిపించే మాట ఒకటుంది: "అమ్మాయికి ఏదో తెల్లమచ్చ ఉందట." ఆ ఒక్క మాటతో సంబంధం ఆగిపోతుంది. మచ్చ ఎంత ఉంది, పెరుగుతోందా, తగ్గుతోందా అని ఎవరూ అడగరు. బొల్లి అన్న పేరే తీర్పు అయిపోతుంది.

బొల్లి అంటువ్యాధి కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మన రోగనిరోధక శక్తే పొరపాటున దెబ్బతీయడం వల్ల ఈ మచ్చలు వస్తాయి. ముట్టుకుంటే రాదు. ఒకే పాత్రలో ప్రభువు బల్ల తీసుకున్నా రాదు. పాపానికి శిక్ష అంతకన్నా కాదు. అయినా మాటలే మనల్ని తికమకపెడుతున్నాయి. కన్నడంలో తొన్ను, మరాఠీలో కోడ్ అంటారు. తమిళంలో వెణ్‌కుష్టం అన్న మాట ఉంది. మన తెలుగులోనూ తెల్ల కుష్టు అనేవారున్నారు. నిజానికి కుష్టు వేరు, బొల్లి వేరు.

లేవీయకాండము 13వ అధ్యాయాన్ని చూపించి మచ్చలున్నవారిని దూరం పెట్టేవారికి రెండు సంగతులు గుర్తుచేస్తున్నాము. అక్కడ కుష్ఠు అని తర్జుమా చేసిన హెబ్రీ మాట ఎన్నో రకాల చర్మ వ్యాధులకూ, బట్టల మీద, ఇంటి గోడల మీద కనిపించే మచ్చలకూ వాడినది. పైగా ఒళ్లంతా తెల్లబడినవాడిని యాజకుడు పవిత్రుడని చెప్పాలని అదే అధ్యాయంలో ఉంది.

ఆనాడు యాజకుడు చూసి నిర్ణయించాడు. నేడు వైద్యులు రోగినే అడుగుతున్నారు: "మీ ఒంటి మీద ఎంత మేర ఉందో మీరే చెప్పండి" అని. బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు ఇందుకోసం బొమ్మలతో ఒక పద్ధతి తయారుచేసి 2017లో ప్రచురించారు. ఒక్కో శరీర భాగానికి వేర్వేరు మోతాదుల్లో మచ్చలున్న బొమ్మలుంటాయి. తనకు దగ్గరగా ఉన్న బొమ్మను రోగి ఎంచుకుంటాడు. డాక్టరు భాష మనకు సరిగా రాని ఊళ్లలో బతికే మనవంటివారికి బొమ్మ చూపించడం ఎంత మేలో చెప్పనక్కరలేదు.

ఇంట్లో చేసుకోదగిన కొలత ఇంకొకటుంది. వేళ్లు దగ్గరగా చేర్చిన మన అరచేయి, వేళ్లతో సహా, మన ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులంత ఉన్నాయో లెక్కపెట్టి తేదీతో రాసుకోవాలి. పిల్లలకైతే ఆ బిడ్డ చేతినే కొలతగా తీసుకోవాలి. వీపు మనకు కనపడదు గనుక ఇంట్లోవారి సాయం కావాలి. నెలకొకసారి ఒకే వెలుతురులో, ఒకే దూరం నుండి ఫోటో తీసుకోవాలి. మచ్చ మధ్యలో వెంట్రుకల మొదళ్ల దగ్గర చిన్న గోధుమరంగు చుక్కలు వస్తుంటే రంగు తిరిగి వస్తోందని అర్థం. కొత్త చుక్కలు పుడుతున్నా, గీరుకున్న చోట తెల్లబడుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఫలితం కనపడడానికి నెలలు పడుతుంది. లెక్క రాసుకోనివారు రెండో నెలకే విసిగి మందు మానేస్తారు. ప్రార్థన చేద్దాం, మందు మాత్రం మానవద్దు.

ఈ కొలత వైద్యపరీక్షకు బదులు కాదు. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది. అందులోనూ సిగ్గుపడవలసింది లేదు. మన క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో కుష్టును ఒక కారణంగా రాసి ఉండేది. దానిని పార్లమెంటు 2019లో తొలగించింది. చట్టం మారింది. మన పెళ్లిమాటలు ఇంకా మారలేదు.

అరచేతితో కొలవలేనిది ఒకటుంది. ముఖం మీద చిటికెడంత మచ్చ వీపు మీద పెద్ద మచ్చ కన్నా ఎక్కువ ఏడిపిస్తుంది. ఆ బరువు ఎంతో మోసేవారినే అడగాలి. యౌవనులారా, జూన్ 25 ప్రపంచ బొల్లి దినం. ఆ వారం మీ సంఘంలో ఈ సంగతి మాట్లాడండి. ఎండాకాలంలోనూ నిండు చేతుల చొక్కాతో వెనుక బల్ల మీద కూర్చునే సహోదరుడి పక్కకు వెళ్లి కూర్చోండి. యేసు కుష్ఠరోగిని స్వస్థపరిచేటప్పుడు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. మన చేతులు ఎందుకు వెనక్కి పోవాలి?