సవరణ ఏ పేజీలో వేశారు?

ఇరాక్‌లో మాకు చుట్టాల్లేరు. కర్బలా అక్కడుందని మాత్రం తెలుసు. పీర్ల పండక్కి హిందువులూ మేమూ కలిసి ఏడ్చేది ఆ నేల మీద అమరుడైన హుసేన్ కోసమే. మా ఊరి పీర్లచావిడి దాకా వచ్చిన ఆ నేలని మీ పత్రికలు మాకు ఎలా చూపించాయి? ఒక మీసాల నియంత, కొన్ని తుపాకులు, టీవీలో తారాజువ్వల్లా పేలే బాంబులు. మనుషులు మాత్రం లేరు.

1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో నయీరా అనే పదిహేనేళ్ల అమ్మాయి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. కువైట్ ఆసుపత్రిలో ఇరాకీ సైనికులు ఇంక్యుబేటర్లలోని పసికందుల్ని తీసి నేలమీద పడేశారంది. లోకం నమ్మింది. ఆమె కువైట్ రాయబారి కూతురనీ, ఆ సాక్ష్యం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార కంపెనీ ఉందనీ బయటపడింది 1992లో. అప్పటికి యుద్ధం అయిపోయింది. 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్ అమిరియా షెల్టర్‌లో తలదాచుకున్న నాలుగు వందల మందికి పైగా మామూలు జనం అమెరికా బాంబులకు కాలిపోయారు. ఆ తల్లుల సాక్ష్యం ఎవరు విన్నారు?

2003లో మళ్లీ అదే కథ. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్నారు. ఫిబ్రవరి 5న కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో బొమ్మలు చూపిస్తే అవే రుజువులన్నారు. ఇరాక్‌ని ఆక్రమించి వెతికితే ఆయుధాల నిల్వలు లేవని 2004లో అమెరికా సొంత బృందమే తేల్చింది. తన వార్తల్లో లోపాలున్నాయని న్యూయార్క్ టైమ్స్ ఆ ఏడాది మే 26న ఒప్పుకుంది, లోపలి పేజీలో.

సద్దాంని మేం వెనకేసుకు రావడం లేదు. 1988 మార్చిలో హలబ్జాలో విషవాయువుతో వేలమంది కుర్దుల్ని చంపించాడు. ఆ చనిపోయిన వాళ్లూ ముస్లింలే. ఆ రోజుల్లో అమెరికా అతని పక్షాన ఉంది. 1983 డిసెంబరులో రమ్స్‌ఫెల్డ్ బాగ్దాద్ వెళ్లి అతనితో చెయ్యి కలిపి వచ్చాడు.

అక్కడి అబద్ధం ఇక్కడ మా గల్లీలోకి నడిచొచ్చింది. టీకొట్టు దగ్గర పేపరు మడిచి "ఏం భాయ్, మీ సద్దాం ఏమంటున్నాడు?" అని అడిగారు. మా సద్దాం ఎప్పుడయ్యాడు? అతని మంత్రి తారిఖ్ అజీజ్ క్రైస్తవుడు. ఇరాక్‌లో షియాలు, సున్నీలు, కుర్దులు, క్రైస్తవులు, యజీదీలు అందరూ ఉన్నారు. అందర్నీ చెరిపేసి ఒకే ముద్ర కొట్టారు. మాలోనూ దూదేకులున్నారు, ఫకీర్లున్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లున్నారు. మమ్మల్నీ ఒక్క గడ్డంగా, ఒక్క బురఖాగా అచ్చేశారు.

లౌకికవాద మిత్రులారా! మేం అడిగేది జాలి కాదు. పరాయి ఏజెన్సీ వార్తని తెలుగు చేసేముందు, ఈ సాక్షి ఎవరి మనిషి అని ఒక్కసారి అడగండి. అబద్ధాన్ని మొదటి పేజీలో వేశారు కదా, నిజాన్నీ అక్కడే వెయ్యండి. అంతవరకూ టీకొట్టు దగ్గర మమ్మల్ని జవాబు అడక్కండి. జవాబు చెప్పాల్సింది రాసినవాళ్లు.